మొదటి మాట: రాలే

కన్‌స్ట్రక్టర్ అంటే ఏమిటో నాకు రెండుసార్లు అర్థమైంది. మొదటిసారి అర్థమైనప్పుడు పరీక్షలో నూటికి తొంభై ఆరు మార్కులు వచ్చాయి. రెండోసారి అర్థమయ్యేలోపు ఒక మనిషి పాదం నలిగిపోయింది. మొదటిది అర్థం కావడమే కాదని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. మూర్ఖత్వంలో కూడా క్లాసులుంటాయి. నాది ఫస్టు క్లాసు.

తొంభైల నడిమి మాట. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గు గని మీద, టైం ఆఫీసులో నేను గుమాస్తాను. మా దగ్గర గనిని బాయి అంటారు. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చి అప్పటికి నాలుగేళ్లు. దాని మీది గుడ్డ తీసి మడతపెట్టే పని నాకు అప్పగించారు. గుడ్డ తీసినవాడే దాన్ని నడపాలని తర్వాత తేల్చారు. పాత డేటాబేస్ భాష ఒకటి నేర్చుకుని హాజరు పట్టీలు తీసేవాణ్ణి. అది నాలాంటి భాషే, నిదానం మనిషి. కొత్త రికార్డు అడిగితే తెల్లకాగితం ఇచ్చేది. పేరు గడి ఖాళీ, అంకెల గడిలో సున్న, అవునో కాదో చెప్పే గడిలో ‘కాదు’. ఎవరూ ఏమీ రాయకముందు అంతా శుభ్రంగానే ఉంటుందన్న నమ్మకం నాకు దాని దగ్గరే పట్టుకుంది.

మా ఆఫీసుకు ఎదురుగా లాంపు రూం. అక్కడి పెద్ద మా బావ, మా అక్క భర్త. బాయిలోకి దిగే ప్రతి మనిషీ బావ కిటికీ ముందు నిలబడి తన ఇత్తడి బిల్ల ఇవ్వాలి. బిల్ల మీద అతని నంబరు ఉంటుంది. బావ దాన్ని మేకుకు తగిలించి, ఆ మేకు కింది లాంపు, నెత్తికి పెట్టుకునేది, తీసి ఇస్తాడు. షిఫ్టు అయిపోయాక లాంపు తిరిగిస్తే బిల్ల తిరిగి చేతిలో పడుతుంది. మేకుకు బిల్ల వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నట్టు. అంతకుమించి చదువు అక్కర్లేని పద్ధతి.

ఆ మేకుల బోర్డు తీసేసి లెక్కంతా కంప్యూటర్‌లో పెట్టాలని మేనేజర్ సాబ్‌కు ఆలోచన వచ్చింది. నెల రోజులు రెండూ నడిపి చూద్దాం, కంప్యూటర్ సరిగ్గా చెబితే బోర్డు పీకేద్దాం అన్నాడు. నాకు తెలిసిన పాత భాషలోనే ఆ పని అయిపోయేది. కానీ కొత్త భాష వచ్చిందనీ, అందులో రాస్తేనే గొప్ప అనీ ఒక పత్రికలో చదివి ఉన్నాను. కొత్త భాషలోనే రాస్తానని నోరు జారాను. మేనేజర్ సాబ్ సంతోషించాడు. బావ సంతోషించలేదు.

“ఏంది బామ్మర్దీ, నా మేకులు పీకుతవట. నీ డబ్బకు లోపలున్నోడు కనవడ్తడా?”

“నువ్వు చూస్తున్నవా బావా లోపలోన్ని? బిల్లనే కదా చూసుడు.”

“బిల్ల ఇచ్చినోని మొకం చూస్త. నీ డబ్బ చూస్తదా?”

బావల మాటలకు జవాబులుండవు, అందుకే వాళ్ళు బావలయ్యారు.

ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, గోదావరి వంతెన దాటి కరీంనగర్ పోయేవాణ్ణి. బస్టాండు దగ్గర బట్టల దుకాణం మీది అంతస్తులో ఇన్‌స్టిట్యూట్. చెప్పులు మెట్ల మీద విడిచి, చల్లటి గదిలోకి వట్టి కాళ్ళతో పోవాలి. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని ఆ కట్టుబాటు. బొగ్గు మీద బతికేవాణ్ణి, నా పాదాలు చూసి వాళ్ళు మొదటిరోజే భయపడ్డారు. క్లాసులో అందరూ కాలేజీ పిల్లలు. నాకు నలభై దగ్గరపడుతోంది. నేర్పే సారు నాకన్నా పదిహేనేళ్లు చిన్న, ఆ ఊరి ముస్లిం కుటుంబం అబ్బాయి. నేను అతణ్ణి సార్ అనేవాణ్ణి, అతను నన్ను అన్నా అనేవాడు. మర్యాద ఇద్దరికీ సరిపోయేది.

క్లాసు అంటే నమూనా అని చెప్పాడు. ఆ నమూనా ప్రకారం తయారయ్యే ఒక్కొక్కటీ ఆబ్జెక్టు. నేను లాంపు రూం లెక్క కోసం ఒక క్లాసు రాసుకుని, దానికి ‘మనిషి’ అని పేరు పెట్టాను. బాయిలోకి దిగే ఒక్కొక్కడికీ ఒక్కో ఆబ్జెక్టు. అందులో పేరు, బిల్ల నంబరు, దిగిన టైం, పైకి వచ్చాడా లేదా. అంతవరకు నాకు ఏ ఆబ్జెక్షనూ లేదు. తర్వాత కన్‌స్ట్రక్టర్ వచ్చింది. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు ఎవరూ పిలవకుండానే నడిచే నాలుగు వరుసలట. పుట్టినదాని గడులన్నిటిలో మొదట ఏముండాలో అక్కడే పెట్టాలట. దాని పేరు కూడా క్లాసు పేరే ఉండాలట.

“సార్, కొత్తగ పుట్టింది ఖాళీగనే ఉంటది గద. ఖాళీదాన్ని మళ్ళ ఖాళీ చేసుడెందుకు?” అని అడిగాను. పిల్లలు నవ్వారు.

సారు నవ్వలేదు. “అన్నా, మా ఇండ్లల్ల బిడ్డ పుట్టంగనే చెవిల అజాన్ చెప్తరు. బిడ్డ అడుగుతదా? అడగదు. అడిగేదాంక ఆగుతరా? ఆగరు. లోకంల పడంగనే మొదలు ఆ మాట చెవిల పడాలె. గిది గంతే.”

“మా పాత భాషల గిట్ల లేకుండె సార్.”

“గా భాషల ఎవరో నీకు తెల్వకుండ చెప్తుండె. గీడ నువ్వే చెప్పాలె. ఖాళీ అంటె ఖాళీ కాదన్నా, కిరాయోళ్ళు ఇడిసిపెట్టిన ఇల్లు. వాళ్ళ మేకులు గోడకే ఉంటయ్. జర సమజ్ చేస్కో.”

అర్థమైందని తల ఊపాను. కన్‌స్ట్రక్టర్ నిర్వచనం నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొట్టాను. పరీక్షలో అక్షరం పొల్లుపోకుండా రాశాను. తొంభై ఆరు. ఆ కాగితం బావకు చూపిస్తే, “నాలుగు ఏడ పోయినయ్?” అన్నాడు.

ఆ నాలుగూ ఎక్కడ పోయాయో నాకు తర్వాత తెలిసింది. నా ప్రోగ్రాంలో, మనిషి అనే పేరుతో ఉండాల్సిన ఆ నాలుగు వరుసలు నేను రాయలేదు. పేరు, బిల్ల నంబరు, దిగిన టైం ఎలాగూ కీబోర్డు మీద కొడతాం. పైకి వచ్చాడా అన్న గడి ఖాళీగానే ఉంటుంది, మనిషి వచ్చినప్పుడు నింపితే చాలు. ఇదీ నా లెక్క. బాయి జనానికి తెలిసేలా తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మాటలు పెట్టాను. గడి నిండితే ‘వచ్చిండు’, లేకపోతే ‘రాలే’. ఆ ముచ్చట చెబితే కరీంనగర్ సారు కూడా మెచ్చుకున్నాడు.

రెండు వారాలు ప్రోగ్రాం చక్కగా నడిచింది. ఎందుకంటే నేను పొద్దున్నే వచ్చి మిషన్ ఆన్ చేసేవాణ్ణి, మొదటి షిఫ్టు పైకి వచ్చాక ఆఫ్ చేసి ఇంటికి పోయేవాణ్ణి. ప్రతి పొద్దునా దాని మెదడు కడిగినట్టుండేది. మూడో వారంలో, ఇక రాత్రి షిఫ్టు కూడా ఎక్కించమన్నాడు మేనేజర్ సాబ్. ఆ రాత్రి నేనే ఆఫీసులో ఉండి వాళ్ళ పేర్లు ఎక్కించాను. తెల్లారితే, మిషన్ ఆర్పకుండా నడిచిన మొదటి పొద్దున. రాత్రివాళ్ళు పద్దెనిమిది మంది, ఏడింటికి అందరూ పైకి వచ్చారు, వాళ్ళ లెక్క తుడిచేశాను. తుడిచాననుకున్నాను. తర్వాత మొదటి షిఫ్టు పేర్లు ఎక్కించాను.

ఎప్పట్లాగే అందరికన్నా ముందు నా కిటికీ దగ్గర నిలబడ్డది టింబర్‌మన్. లోపల పైకప్పు కింద కట్టె దిమ్మెలు నిలబెట్టి రాయి పడకుండా ఆపేవాళ్ళను అలా అంటారు. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట తక్కువ. ఎవరూ దిగకముందు పోయి కప్పు తట్టి చూడాలని అతని పట్టుదల. నా తెర మీద రోజూ మొదటి పేరు అతనిదే.

మూడు గంటలకు షిఫ్టు పైకి వచ్చింది. జనం లాంపులు ఇచ్చి, బిల్లలు తీసుకుని, నాకు నంబరు చెప్పి, స్నానాల దిక్కు పోయారు. నా తెర మీద చివరి వరుస పడింది: బాయిలో మిగిలినవాళ్ళు లేరు. నేను గుడ్డ కోసం చెయ్యి చాపుతుంటే బావ వచ్చి నా కిటికీలో మొహం పెట్టాడు.

“బామ్మర్దీ, ఒక బిల్ల ఉన్నది.”

“అందరు వచ్చిండ్రు బావా.”

“టింబర్‌మన్ లాంపు రాలే.”

తెర చూశాను. మొదటి పేరు ఎదురుగా ‘వచ్చిండు’. “వచ్చిండు గద. లాంపు మరిచిపోయి ఇంటికి పట్టుకపోయిండేమో.”

“ఇంటికి పట్టుకపోయి బువ్వల కలుపుకుంటడా?”

“ఎన్నడన్న ఒగలిద్దరు పట్టుకపోలేదా?”

“పోయిండ్రు. వాళ్ళు తాగినోళ్ళు. ఈన తాగడు.”

మా మాటలు విని మేనేజర్ సాబ్ బయటికి వచ్చాడు. బావ వైపు చూడలేదు. నన్నే అడిగాడు, కంప్యూటర్ ఏమంటోందని.

“వచ్చిండంటుంది సార్,” అన్నాను.

నా జీవితంలో నేను చాలా అబద్ధాలు చెప్పాను. ఇంత నమ్మకంగా, ఇంత గర్వంగా చెప్పింది అదొక్కటే. ముందు ఇంటికి మనిషిని పంపి కనుక్కుందాం అన్నాడు మేనేజర్ సాబ్. క్వార్టర్లకు సైకిల్ మీద ఒకణ్ణి పంపారు. పోను పావుగంట, రాను పావుగంట.

సైకిల్ తిరిగి రాకముందే ఆమె వచ్చింది, టింబర్‌మన్ భార్య. నడిచి కాదు, ఉరికి వచ్చినట్టుంది, చెంగు భుజం మీద నిలవడం లేదు. గేటు దగ్గర ఎవరో నేనన్న మాట చెప్పి నా కిటికీ చూపించారు. ఊపిరి అందక, అయినా మెల్లగానే అడిగింది.

“అన్నా, మా ఆయన వచ్చిండన్నవట.”

“అవునమ్మా, వచ్చిండు,” అన్నాను, తెర దిక్కు చూస్తూ.

“ఏ దిక్కు పోయిండే? ఇంటికైతే రాలే.”

ఆమె తెర దిక్కు చూడలేదు. నా మొహం దిక్కు చూసింది. ఆ ‘రాలే’ నా తెర మీద ఉండాల్సిన మాట. ఆమె నోటి నుంచి విన్నాను.

ఇంతలో ఎదురు కిటికీలో బావ లేడని గమనించాను. మేనేజర్ చెప్పేదాకా, సైకిల్ వచ్చేదాకా అతను ఆగలేదు. దిగబోతున్న రెండో షిఫ్టుకు పెద్ద అయిన సర్దార్‌ను పట్టుకుని, “నా మేకుకు బిల్ల ఉన్నది, ఆయన లోపలున్నడు, నడువుండ్రి” అన్నాడట. బావ మాట మీద నలుగురు దిగారు. ఐదు కావస్తుండగా టింబర్‌మన్ దొరికాడు. దిమ్మె నిలబెడుతుంటే కప్పు రాయి జారి కుడి పాదం మీద పడింది. రాయి కింది నుంచి కాలు రాలేదు. లాంపు వెలుతురు ఎర్రబడి, సన్నబడి, ఇక ఆరిపోవడానికి సిద్ధంగా ఉందట. స్ట్రెచర్ మీద పైకి తెచ్చినప్పుడు ఇంకా ఎండ ఉంది. అతను ఎండకు కళ్ళు మూసుకున్నాడు. అతని భార్య స్ట్రెచర్ పక్కన నడుస్తూ, దుమ్ము పట్టిన అతని చెయ్యి వదల్లేదు. నా కిటికీ ముందు నుంచే పోయారు. ఆమె ఈసారి నా దిక్కు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

మేనేజర్ సాబ్ నా దగ్గరికి వచ్చి, “మిషన్ తప్పేనా?” అని అడిగాడు. అవునంటే అక్కడితో అయిపోయేది. ఆ రోజుల్లో మిషన్ మీద నేరం వేస్తే కాదనేవాడు లేడు. తెలియదు సార్, చూసి చెబుతానని మాత్రం అన్నాను.

కాగితాల మీద ప్రోగ్రాం అచ్చు తీసి వరుస వరుస చూశాను. తెల్లారి పది గంటలకు దొరికింది. రాత్రివాళ్ళ పద్దెనిమిది మంది లెక్క తీసేసినప్పుడు మిషన్ వాళ్ళ గడులను కడగలేదు. తర్వాత వచ్చిన మొదటి పద్దెనిమిది మందికి అవే ఇచ్చింది. నేను పేర్లు మార్చాను, నంబర్లు మార్చాను, టైం మార్చాను. నాలుగో గడిని ముట్టుకోలేదు. అందులో రాత్రివాళ్ళ ‘వచ్చిండు’ అలాగే కూర్చుని ఉంది. టింబర్‌మన్ బాయిలోకి దిగకముందే నా లెక్కలో పైకి వచ్చేశాడు. పొద్దున ఏడుంబావుకు తెర చూసినా తెలిసిపోయేది. చూడలేదు. మిగిలినవాళ్ళ లెక్క షిఫ్టు చివరే చూడాలని రూలు పెట్టింది నేనే.

మిషన్ తప్పేమీ చేయలేదు. నేను మరిచిపోయాను, అది మరిచిపోలేదు, అంతే.

మేనేజర్ సాబ్ దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పాను. తర్వాత లాంపు రూంకు పోయాను. లోపలికి పోవడానికి మొహం చెల్లక గడప దగ్గర నిలబడ్డాను. బావ నన్ను చూశాడు, పని ఆపలేదు. తిరిగొచ్చిన లాంపులు ఒక్కొక్కటి తీసి, అద్దం తుడిచి, తీగ పొడవునా వేళ్ళతో తడిమి, ఛార్జింగుకు పెడుతున్నాడు. ఛార్జింగు అయినవాటిని కూడా మళ్ళీ ఒకసారి వెలిగించి ఆర్పి మేకు కింద పెడుతున్నాడు.

“ఇయి నింపినయే గద బావా. మళ్ళ చూసుడెందుకు?” అని గడప దగ్గరి నుంచే అడిగాను.

“నిన్నటోడు ఎట్ల వాడిండో నాకేమెర్క? ఆని చీకటి ఇందుల ఉంటది. అది తీయకుండ ఇంకొగనికి ఎట్ల ఇయ్యాలె?”

“మంచిగున్నదా అని దిగేటోళ్ళు అడుగుతరా?”

“అడుగుడేంది? అడిగెతందుకు ఆనికేం తెలుస్తది, లోపలికి పోయినంక గని? కిటికీ కాడ నిలవడ్డడంటె సాలు, మంచి లాంపు చేతిల పడాలె. బిల్ల మేకుకు ఎక్కాలె. అప్పుడే ఆడు బాయి మనిషి.”

అక్కడ నాకు కన్‌స్ట్రక్టర్ రెండోసారి అర్థమైంది. రెండు నెలలు గోదావరి దాటి పోయి వచ్చాను. రోడ్డు దాటితే సరిపోయేది.

తర్వాతి ఆదివారం కరీంనగర్ పోయి సారుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను తన ఛాయ్ పక్కకు జరిపాడు. “అన్నా, నువ్వు పేపర్ల మంచిగ రాసినవ్. రాసినోనికి సమజ్ అయ్యిందనుకున్న. నాది గూడ తప్పే,” అన్నాడు. ఆ రోజు నుంచి క్లాసులో నిర్వచనాలు రాయించడం మానేశాడని తర్వాత విన్నాను.

ప్రోగ్రాం మళ్ళీ రాశాను. ఈసారి మొట్టమొదట రాసింది ఆ నాలుగు వరుసలే. బిల్ల నంబరు, లాంపు నంబరు రెండూ చేతికివ్వనిదే మనిషి అన్న ఆబ్జెక్టు పుట్టనే పుట్టదు. పుట్టగానే దాని చెవిలో పడే మొదటి మాట ‘రాలే’. లాంపు తిరిగొచ్చి, బిల్ల మనిషి చేతిలో పడ్డాకే ఆ మాట మారుతుంది. అది మేనేజర్ సాబ్‌కు చూపిస్తూనే ఒక దరఖాస్తు కూడా ఇచ్చాను. కంప్యూటర్ ఎంత సరిగ్గా చెప్పినా సరే, మేకుల బోర్డు ఎన్నటికీ తీయవద్దని. అతను చదివి సంతకం పెట్టాడు.

టింబర్‌మన్ పాదం కుదిరింది గానీ కుంటు మిగిలింది. బాయిలోకి దిగే పని పోయింది. ఏడు నెలల తర్వాత అతణ్ణి లాంపు రూంలో బావ కింద వేశారు. మొదటిరోజు అతని దగ్గరికి పోయి చెప్పాల్సింది చెప్పాను. అతను విని, తల ఊపి, “లాంపు ఎర్రగైనంక జర భయమైంది,” అన్నాడు. అంతే. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. నేనూ అడగలేదు.

బావ మాత్రం ఊరుకునే రకం కాదు. ఆ దినం తర్వాత రెండేళ్లపాటు, ప్రతిరోజూ మూడు గంటలకు నా కిటికీలో మొహం పెట్టి ఒకటే ప్రశ్న: “నీ డబ్బ ఏమంటుంది బామ్మర్దీ?” మా ఇంట్లో పండుగనాడు బువ్వ తింటూ కూడా అడిగాడు. అక్క కసిరినా ఆగలేదు. నాకు తగిన శిక్షేనని భరించాను. కానీ శిక్షకు కూడా ఒక గడువుండాలి కదా.

ఒకరోజు లోపల ఛార్జింగు పాయింటు ఒకటి చూడడానికి బావ తానే బాయిలోకి దిగాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా లాంపులు ఇచ్చినవాడే గానీ దిగినవాడు కాదు. తన చేత్తోనే ఒక లాంపు తీసి నెత్తికి పెట్టుకుని, నా కిటికీ ముందుకు వచ్చి, “నా పేరు ఎక్కియ్,” అన్నాడు.

ఎక్కించాను. లాంపు నంబరు కొట్టాను. బిల్ల నంబరు అడిగింది. బావకు బిల్ల లేదు.

“ఎక్కుతలేదు బావా.”

“నన్నెరుగదా నీ డబ్బ?”

“నువ్వింక పుట్టలే.”

బావ నన్ను ఎగాదిగా చూశాడు. వెనక లైనులో ఎవరో దగ్గారు. ఎన్నడూ లేనిది, బావ మారుమాట లేకుండా టైం ఆఫీసులోకి వచ్చి, బిల్ల రాయించుకుని, పేరు ఎక్కించుకుని, పోయి తన కిటికీకే బయటి దిక్కున, లైను చివర నిలబడ్డాడు. ముందు పదకొండు మంది ఉన్నారు. వంతు వచ్చేసరికి కిటికీలో టింబర్‌మన్ ఉన్నాడు. బావ ఇచ్చిన బిల్ల మేకుకు తగిలించి, బావ నెత్తి మీది లాంపు అడిగి తీసుకుని, అద్దం తుడిచి, వెలిగించి ఆర్పి, తిరిగి ఇచ్చాడు. అందరి లాంపులాగే.

మూడు దాటాక బావ పైకి వచ్చాడు. మొహం నిండా నల్లదుమ్ము. నేరుగా నా కిటికీకే వచ్చాడు, లాంపు ఇంకా నెత్తి మీదే ఉంది.

“ఏమంటుంది నీ డబ్బ?”

“రాలే అంటుంది.”

“నీ ముందట నిలవడ్డ గదరా.”

“మొకం చూసి ఎక్కియ్యది బావా. పోయి బిల్ల తీస్కో.”

అతను రోడ్డు దాటి లాంపు ఇచ్చి, బిల్ల తీసుకుని, దూరం నుంచే దాన్ని చెయ్యెత్తి చూపించేదాకా, నేను ఆ గడి మార్చలేదు.